సామెతలో లేని మూడోవాడు

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్న పెద్దమనిషి జన్మలో కంద తరిగి ఉండడని నా గట్టి నమ్మకం. కందకు దురదేమిటి, అది హాయిగా మట్టిలో పడుకుని ఉంటుంది. కత్తిపీట ఇనుము, దానికి అసలే లేదు. ఆ రెంటి మధ్య కూర్చుని, మోచేతుల దాకా గోక్కుంటూ, ఎవరైనా కాస్త చింతపండు తెచ్చిపెడతారేమోనని వంటింటి వైపు చూసే మూడోవాడు ఒకడుంటాడు. వాణ్ణి సామెతలోకి రానివ్వలేదు. మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆ మూడోవాణ్ణి నేనయ్యాను.

బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరై హైదరాబాదులో ఇల్లు కట్టుకుంటే, ప్రహరీకీ నీళ్ళ ట్యాంకుకూ మధ్య రెండు మూరల నేల మిగిలింది. మొదట టమాటాలు వేశాను. వాటికి నీళ్ళు, మందు, కర్ర ఊతం, పొద్దున్నే పలకరింపు, అన్నీ కావాలి. అంత సేవ మా రీజినల్ మేనేజరుకు కూడా చెయ్యలేదు. మూడు కాయలు కాసి, నాలుగోది కాసేలోపు పోయాయి. సరిగ్గా అప్పుడే మా బావమరిది గోదావరి ఒడ్డు నుంచి గోనెసంచిలో ఒక దుంప మోసుకొచ్చాడు.

"గజేంద్ర రకం బావగారూ. మా కొవ్వూరు పరిశోధన స్థానం వాళ్ళు తీసిన రకమండి. దురదన్న మాటే ఉండదు. పాతేసి మర్చిపోండి, అంతే."

మర్చిపోవడం ఒక సేద్యపు పద్ధతి అని నాకు అంతవరకూ తెలియదు. బ్యాంకులో ఉండగా ఎవరూ మెచ్చుకోని ఆ ప్రతిభకు ఇన్నాళ్ళకు ఒక దారి దొరికింది. దుంపను ముక్కలు కోసి, ప్రతి ముక్కకూ నడినెత్తి మొగ్గ కొంతైనా వచ్చేట్టు చూసి, పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టి పాతాలట. పేడ కోసం కాలనీ అంతా తిరిగి, చివరికి ఆన్‌లైన్‌లో పిడకలు తెప్పించాను. పెళ్ళి స్వీట్లలా రంగుల అట్టపెట్టెలో వచ్చాయి. ముక్కలు మాత్రం బావమరిదే కోసిచ్చాడు. కోసే ముందు రెండు చేతులకూ కొబ్బరినూనె ఎందుకు పట్టించాడో నేనప్పుడు ఆలోచించలేదు.

తొలకరికి నేలలోంచి ఈటెలాంటిదొకటి లేచింది. పది రోజుల్లో విచ్చుకుని గొడుగైంది. ఒంటినిండా పాముకున్నట్టు మచ్చలు. బాటన పోయేవాళ్ళు ఆగి "బొప్పాయా అండీ?" అని అడిగేవారు. చెప్పుకుంటే విడ్డూరం గానీ, ఆ గొడుగంతా కలిపి ఒక్కటే ఆకు. కాండం అనుకునేది కాండం కాదు, ఆ ఆకుకు కాడ. ఏడాదికి ఒక ఆకు వేసి, దానితో సంసారం మొత్తం నడిపి, చలికాలం రాగానే పసుపుపచ్చగా వాలిపోతుంది. పనిలో ఇంత పొదుపు మనుషుల్లో నేను చూళ్ళేదు, అద్దంలో తప్ప.

ఆకు వాలిందంటే దుంప తవ్వుకోవచ్చని అర్థం. నేను తవ్వలేదు. బద్ధకం ఒకటి, ఆశ ఒకటి. నేలలో వదిలేస్తే మళ్ళీ వానలకు అదే లేస్తుంది, దుంప ఇంకా పెరుగుతుంది అన్నారు. ఎలా పెరుగుతుందని కనుక్కుంటే నా వృత్తి గుర్తొచ్చింది. కొత్త ఆకు పాత దుంపను పీల్చుకుని లేస్తుంది. పాతది వడిలిపోతుంది, దాని నెత్తిన కొత్తది, ఇంకాస్త పెద్దది ఊరుతుంది. అసలూ వడ్డీ కలిపి రెన్యువల్! నా చేత్తో ఎన్ని వేల డిపాజిట్లు అలా తిరగరాశానో. "ఈ సంక్రాంతికి తీసేద్దామా?" అని మా ఆవిడ అడిగినప్పుడల్లా "గడువుకు ముందే తీస్తే నష్టం" అనేవాణ్ణి. ఇలా మూడేళ్ళు గడిచాయి. కొట్లో కంద కొనుక్కుని తింటూనే ఉన్నాం.

నాలుగో ఏడు తొలకరి పడిన మూడో రోజు ఇంట్లో ఎలక చచ్చింది.

అని అనుకున్నాం. మా ఆవిడ ఫ్రిజ్ జరిపించింది, బీరువా జరిపించింది. ఎలక దొరకలేదు గానీ 2019లో పోయిన నా కళ్ళజోడు దొరికింది. మేడ మీద అద్దెకున్నవాళ్ళు కిటికీలు మూసుకున్నారు. ఎదురింటి రిటైర్డ్ హెడ్‌మాస్టారు వచ్చి, మూడుసార్లు గాలి పీల్చి, "ఎలకైతే ఇంత రాదు, పందికొక్కు" అని తీర్పు చెప్పి ముక్కు మూసుకుని వెళ్ళిపోయారు. చివరికి వీధి ఊడ్చే ఆవిడ గేటు దగ్గర ఆగి, చీపురు కొసతో ప్రహరీ వార చూపించింది. "ఎలక గాదు సారూ. గా పువ్వు సూడుండ్రి, ఈగలు ముసురుతున్నయ్."

అక్కడ ఈసారి ఆకు లేదు. నేలకు ఆనుకుని, పళ్ళెమంత వెడల్పున, కుచ్చిళ్ళు పోసినట్టు ఊదారంగు రేకొకటి, దాని నడుమ ముడతలు పడ్డ పెద్ద ముద్దొకటి. దగ్గరికెళ్తే సెగ కూడా ఉన్నట్టనిపించింది. అది నా భ్రమ కాదు, ఈ పువ్వు తన ఒళ్ళు తానే వేడిచేసుకుని మరీ కుళ్ళు మాంసం వాసన వెదజల్లుతుంది. ఆ వాసన మనకోసం కాదు, పుప్పొడి మోసే పురుగులకూ ఈగలకూ పంపిన శుభలేఖ. పెళ్ళి వాళ్ళది, భోజనాలు మాకు సహించలేదు.

ఈ కందకే సుమత్రా అడవుల్లో ఒక పెద్దన్నగారున్నారు. ఆయన పువ్వు మనిషి కంటే ఎత్తు, కంపు కూడా ఆ లెక్కనే. 1889లో లండన్ క్యూ తోటలో ఆ పువ్వు పూసినప్పుడు జనం తండోపతండాలుగా వచ్చారు. ఇప్పటికీ ఏ దేశపు తోటలో పూసినా టికెట్టు కొని బారులు తీరతారు. మా ఇంట్లో ఉచితం, వీధి ఖాళీ. అన్నట్టు ఈ ప్రజాతికి వృక్షశాస్త్రంలో అమార్ఫోఫాలస్ అని పేరు. ఆ గ్రీకు మాటకు తెలుగు అర్థం పిల్లలూ చదివే పత్రికలో రాయలేను. డేవిడ్ అటెన్‌బరో అంతటివాడే టీవీలో పదే పదే ఆ పేరు పలకలేక పెద్దన్నగారికి 'టైటన్ ఆరమ్' అని మారుపేరు పెట్టాడట.

అత్తగారికి ఫోన్ చేస్తే పువ్వు సంగతి విని మురిసిపోయింది. "ఈ ఏడు ముట్టుకోకండి అల్లుడుగారూ. పువ్వు వాడాక ఆకొస్తుంది. అదీ ఎండాక తవ్వుకుందురు గాని." డిపాజిట్ ఇంకో ఏడాది వెళ్ళింది.

మొన్న సంక్రాంతి వెళ్ళాక గునపం దింపాను. దూరంగా గుండ్రంగా గాడి తీసుకుంటూ పోతే రెండు గంటలకు పీటంత దుంప బయటపడింది, చుట్టూ నాలుగైదు పిలకలతో. పాత పేపర్లు కొనే అబ్బాయి అప్పుడే వచ్చి, మట్టిముద్దను చూసి "ఇనుమా సార్?" అన్నాడు. వాడి కాటా మీదే తూచాం. ఏడు కిలోల రెండు వందలు.

నేను శుభ్రమైన మనిషిని. దుంపను కుళాయి కింద పెట్టి, పీచుతో మనవణ్ణి రుద్దినట్టు రుద్ది, తడి చేతులతోనే తరగడం మొదలుపెట్టాను. అయిదో ముక్కకు వేళ్ళ సందుల్లో మొదలైంది. పదో ముక్కకు మోచేతులు అందుకుంది. ముక్కు మీద చెయ్యి పెట్టడం నా పొరపాటే. బావమరిది తెచ్చింది గజేంద్రుడు కాదు, మొసలి. చెయ్యి పట్టుకుని వదల్లేదు.

శ్రీహరిని పిలవాల్సిన ఘడియలో అత్తగారికి వీడియో కాల్ చేశాను. ఆవిడ ముందు తనివితీరా నవ్వింది. "తడి చేత్తో కంద ముట్టుకుంటారటండీ ఎవరైనా? చేతులకు నూనె రాసుకుని, పొడి దుంపను దళసరిగా చెక్కి, తరిగాక కడగాలి. చింతపండు నలిపి రుద్దుకోండి ముందు." రుద్దుకున్నాను. కందలో కాల్షియం ఆక్సలేట్ సూదులు కట్టలు కట్టలుగా ఉంటాయని, దుంప తెగగానే అవి చర్మంలో గుచ్చుకుంటాయని, పులుపు తగిలితే నెమ్మదిస్తాయని మా అబ్బాయి డాలస్ నుంచి మెసేజ్ పెట్టాడు. వాడక్కడ ఇండియన్ స్టోర్లో చెక్కు తీసి గడ్డకట్టించిన ముక్కలు కొనుక్కుంటాడు. విజ్ఞానం ఎప్పుడూ దురద లేనివాళ్ళ దగ్గరే ఉంటుంది.

కూర సంగతి మాత్రం నిజం చెప్పాలి. ముక్కలు చింతపండు నీళ్ళలో ఉడికాయి. గోడమీది తీగ బచ్చలి కాడలతో సహా పడింది. అంతా మెదిపి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు వేసి, దించి చల్లారనిచ్చి, అప్పుడు నూరిన ఆవ కలిపింది మా ఆవిడ. పొయ్యి మీదుండగా కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. మొదటి ముద్దకు ఆవ ముక్కులోకి కొట్టింది, వెనకే పులుపు, ఆ వెనక కంద వెన్నలా జారింది. మా కోనసీమ పెళ్ళిళ్ళలో మూడో వడ్డనకు కూడా "ఇంకాస్త" అనిపించే కూర ఇదే. చేతులు మండుతున్నా ఎడాపెడా తిన్నాను.

కానీ ఇద్దరం ఏడు కిలోలు ఎన్నాళ్ళు తింటాం? సోమవారం వేపుడు, మంగళవారం పులుసు, బుధవారం కంద అట్లు, గురువారం మా ఆవిడ మౌనవ్రతం. పంచిపెడదామని బయలుదేరాను. సంస్కృతంలో దీన్ని అర్శోఘ్నం అంటారు, అంటే మొలల వ్యాధికి మందని. ఈ గొప్పతనం చెప్పి ఇవ్వబోతే, పుచ్చుకుంటే తమకేదో ఉందని వీధి అనుకుంటుందని ఒక్కరూ పుచ్చుకోలేదు. పక్కింటి వరంగల్ ఆయన మాత్రం కంద అనగానే "కందగడ్డనా సార్! మా పిల్లలు ఉడకబెట్టుకొని తింటరు" అని సంబరంగా చెయ్యి చాచాడు. ఆయన కందగడ్డంటే మా చిలగడదుంప అని సమయానికి గుర్తొచ్చింది కాబట్టి ఇప్పటికీ పక్కపక్కనే ఉంటున్నాం. దుంప వెనక్కి తీసుకుని గిన్నెడు కూర ఇచ్చాను. మర్నాడు ఖాళీ గిన్నెతో ఆయనే వచ్చాడు.

"మస్తుంది సార్. మా పెరట్ల పెట్టుకుంట, చిన్న ముక్క ఇయ్యరాదుండ్రి?"

"దానికేం భాగ్యం. గజేంద్ర రకం. పాతేసి మర్చిపోండి" అన్నాను. కత్తి తెచ్చుకుని, కొబ్బరినూనె సీసా మూత తీసి రెండు చేతులకూ బాగా పట్టించాను.

"నూనె ఎందుకు సార్?"

"చలికాలం కదండీ, చర్మం పగులుతోంది."