తల్లికి వందనం, పిల్లలకి వండర్లా

పార్కు ఖాళీగా ఉన్నప్పుడే పోవాలట. రద్దీ ఉండదు, టికెట్టు ధర దిగుతుంది, లాడ్జీవాడు బతిమాలి గది ఇస్తాడు, జెయింట్ వీల్ మన ఒక్క కుటుంబం కోసమే తిరుగుతుంది. ఈ జ్ఞానం ఇప్పుడు ఆత్మకూరు ఫ్లెక్సీల మీదా, ఉదయగిరి టీ బంకుల దగ్గర సెల్‌ఫోన్లలోనూ ఉచితంగా దొరుకుతోంది. బోధించేది చెన్నైలోనో బెంగళూరులోనో కంప్యూటరు ముందు కూర్చునే బంధువు, కాకపోతే సొంతానికి ఒక తుఫాన్ బండి ఉన్న ట్రావెల్స్ ఆసామి. "రేట్లు పడిపోయుండాయన్నా, ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడు పోతావ?" అని నిలదీస్తాడు. పొగాకు రేటు పడిపోతే నెత్తిన చేతులు పెట్టుకునే ఊళ్ళో, ఇంకొకడి రేటు పడిపోయిందంటే ఆ మాత్రం హుషారు పుట్టడం సహజమే.

2025 డిసెంబరులో చెన్నై అవతల తిరుప్పోరూరు దగ్గర వండర్లా పార్కు తెరిచాక ఈ వేదాంతం ఊపందుకుంది. హైదరాబాదు పక్కన రావిర్యాలలో 2016 నుంచీ ఒక వండర్లా ఉంది కానీ, ఉదయగిరి నుంచి అంత దూరం కదలాలంటే పెళ్ళో ఆపరేషనో ఉండాలి. చెన్నై అట్లా కాదు. మన జిల్లాకి పెద్దాసుపత్రి అదే, పెళ్ళిబట్టల అంగడి అదే. అక్కడ టికెట్టు 1,489 రూపాయల నుంచి అని మొదట్లో చెప్పారు. 2025-26కి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. అంటే ఒక మనిషి ఒక పగలు నీళ్ళలో తడవాలంటే ఇంకో మనిషి దాదాపు అయిదు రోజులు ఎండలో మట్టి తవ్వాలి. నలుగురు తడవాలంటే ఎంత తవ్వాలో మీరే లెక్క వేసుకోండి. వేసుకుంటుండగానే ఆఫ్‌సీజన్ గురువు చెయ్యెత్తి ఆపుతాడు. "అందుకే గదా చెప్పేది, సీజను లేనప్పుడు పొమ్మని!"

సరే, పార్కుల పంచాంగం తీద్దాం. ఏప్రిల్, మే సీజను. దసరా, దీపావళి సీజను. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా సీజను. శని, ఆదివారాలు ఏడాది పొడుగునా సీజనే. ఇక మిగిలింది మూడు ముక్కలు. బడులు తెరిచిన జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, దీపావళి వెళ్ళాక క్రిస్మస్ దాకా ఇంకొకటి, సంక్రాంతి వెళ్ళాక పరీక్షల దాకా మరొకటి. వాటిలోనూ సోమవారం నుంచి శుక్రవారం లోపే శుభ ముహూర్తం.

ఇప్పుడు మన పంచాంగం. కలిగిరికో డీసీపల్లికో వేలానికి పొగాకు తోలే రైతుకి జనవరి, ఫిబ్రవరి అంటే బ్యారన్ల కాలం. ఆకు కొట్టాలి, కర్రలకు అల్లాలి, బ్యారన్ ఎక్కించాలి, రేయింబవళ్ళు మంట చూసుకోవాలి. వేడి కాస్త అటూ ఇటూ అయితే ఆకు రంగు మారుతుంది, రంగు మారితే రేటు మారుతుంది. సరిగ్గా ఆ వారం చెన్నైలో జారుడుబల్ల చౌకగా దొరుకుతోందని చెప్పి చూడండి, రైతు చెప్పే సమాధానం ఈ పత్రికలో అచ్చు వెయ్యలేం. వేలం సాగి చేతిలో నాలుగు డబ్బులు ఆడేది మార్చి దాటాక, అదీ బ్యాంకు తన బాకీ పట్టుకోగా మిగిలితే. అప్పటికి పార్కులో సీజను మొదలు. ఆత్మకూరు వైపు సోమశిల నీళ్ళ కింద వరి వేసేవాళ్ళకి డిసెంబరు, జనవరి నాట్లు. మార్చి, ఏప్రిల్ కోతలు. జలాశయంలో నీళ్ళు మిగిలి ఎడగారుకి వదిలితే ఆ వేసవీ పొలం గట్టు మీదే. జూలై, ఆగస్టుల్లో మెట్ట రైతుకి కొంచెం తీరిక ఉండే మాట నిజం. ఆకాశం వైపు చూడటం తప్ప పెద్ద పని ఉండదు. ఆ తీరికలో జేబూ ఖాళీగానే ఉంటుంది.

ఈ లెక్క పార్కు నడిపేవాళ్ళకి తెలియదనుకోకండి. జిల్లా వ్యవసాయాధికారి కంటే వాళ్ళకే బాగా తెలుసు. జనం ఏ రోజు రాలేరో పట్టి, ఆ రోజునే చౌకగా పెడతారు. అది నేరం కాదు, వ్యాపారం. నాకు ఒళ్ళు మండేది ఆ చౌకని మన పొదుపు ఖాతాలో రాసుకోమనే వాళ్ళని చూస్తే. టికెట్టు మీద తగ్గిన మూడువందలు వాళ్ళ లెక్కలో పడుతుంది. మనం పోగొట్టుకున్న రెండు రోజుల కూలి ఎవరి లెక్కలోనూ పడదు. అసలు పోకపోతే మొత్తం మిగులుతుందన్న మాట ఈ గురువుల దగ్గర అనకండి, పిసినారి కింద జమకడతారు.

పిల్లల సంగతి ఇంకా రసవత్తరం. జూన్ 12కి బడులు తెరుస్తారు. 2025లో ఆ రోజుల్లోనే తల్లికి వందనం డబ్బు పడింది. 15,000లో బడి నిర్వహణకు 2,000 పోను 13,000. పార్కు ధర దిగడం, తల్లి ఖాతా నిండటం ఒకే నెలలో జరిగితే దాన్ని దైవసంకల్పం అనక ఏమంటాం? "తల్లికి వందనం, పిల్లలకి వండర్లా" అని ఆత్మకూరులో ఒక తండ్రి అప్పుడే నినాదం కట్టేశాడు. ఆ పథకానికి 75 శాతం హాజరు ఉండాలయ్యా అని గుర్తు చేస్తే, "మిగతా 25 శాతం గవర్నమెంటు దేనికి వదిలిపెట్టిందనుకుంటుండావు?" అని ఎదురు ప్రశ్న వేశాడు. సంక్షేమ పథకాల మీద ఇంత లోతైన వ్యాఖ్యానం నేను అసెంబ్లీలో కూడా వినలేదు. సెలవు చీటీలో జ్వరం, వాట్సాప్ స్టేటస్‌లో వేవ్ పూల్. క్లాసు టీచరుకీ అదే వాట్సాప్ ఉంటుందన్న సంగతి తిరుగు ప్రయాణంలో గానీ తట్టదు.

ఇంతకీ పోవడం ఎట్లా? ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి చెన్నై మరో 175. పార్కు ఉన్నది ఊరికి ఈ చివర కాదు, ఆ చివర. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు కాబట్టి, ఇంటి ఇల్లాలికి రాష్ట్రం పొలిమేర దాకా పన్నెండు నెలలూ ఆఫ్‌సీజనే. కానీ ఆ సున్నా టికెట్టు తడ దాటదు. రాష్ట్రం దాటే బస్సులకు అది చెల్లదు. అందుకని సూళ్ళూరుపేటలో దిగి చెన్నై లోకల్ రైలు ఎక్కితే ఇంకా మిగులు అని బంధువు ఫోనులో దారి చూపిస్తాడు. నాలుగు చోట్ల ఎక్కి దిగి, సంచులు లెక్కపెట్టుకుని, పిల్లాణ్ణి లెక్కపెట్టుకుని చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది, సాయంత్రానికి గేటు మూస్తారు. అందువల్ల ముందురోజు రాత్రే చెన్నైలో దిగబడాలి. లాడ్జీ అక్కడ మొదలవుతుంది, పొదుపు అక్కడ ముగుస్తుంది. రైలు మాట అంటారా, నడికుడి–శ్రీకాళహస్తి మార్గం 2011-12లో మంజూరైంది, ఆత్మకూరు మీదుగానే పోతుంది. మంజూరైన ఏడు పుట్టిన పిల్లలు పార్కులో పెద్దల టికెట్టు తీసుకునే ఎత్తుకి పెరిగారు. పనులు మాత్రం సాగుతూనే ఉన్నాయి.

ఎత్తు అంటే గుర్తొచ్చింది. ఆర్టీసీ బస్సులో పిల్లల టికెట్టుకి కొలత వయసు, పార్కు గేటు దగ్గర కొలత ఎత్తు. అందుకని ఉదయగిరిలో బస్సెక్కేటప్పుడు "ఇంకా అయిదు నిండలేదు సార్" అనిపించుకున్న బిడ్డ, చెన్నైలో గేటు ముందు మోకాళ్ళు వంచి నిలబడాల్సి వస్తుంది. వాడు కర్ర కిందకి అణిగితే తల్లి మొహంలో వెలుగు. లోపలికి పోయాక పెద్ద చక్రాల దగ్గర ఇంకో కర్ర ఉంటుంది. దాని పైకి రాకపోతే ఎక్కనివ్వరు. "కాలివేళ్ళ మీద లేవరా!" అని అదే తల్లి అరుస్తుంది. ఒకే పూటలో ఒకే బిడ్డని కుదించి, సాగదీసి, చివరికి వాడు ఏడుస్తుంటే ఐస్‌క్రీము కొనిపెట్టి, ఆ ఖర్చుని ఎవరి ఖాతాలో రాయాలో తెలియక మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకుంటారు.

చాలా పార్కుల్లో బయటి తిండి లోపలికి రానివ్వరు. తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర, గట్టిపెరుగు డబ్బా గేటు దగ్గర బల్ల మీద ఉండిపోతాయి. చీరతో నీళ్ళలోకి దిగనివ్వరు. నైలాను గుడ్డలు కావాలి, లేకుంటే అక్కడే కొనాలి. లోపల ప్లేటు ఫ్రైడ్ రైసుకి ప్లాస్టిక్ చెంచా ఇస్తారు. చెక్క చెంచాలకి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు ఉదయగిరి. నరది, బిక్కి, కలివి కొయ్యలతో అక్కడి ఆడవాళ్ళు చెక్కే గరిటెలు ఎక్కడెక్కడికో పోతుంటాయి. ఆ ఊరివాడు ఆ ప్లాస్టిక్ ముక్కని తిప్పి తిప్పి చూస్తూ బిల్లు చదువుతుంటే ఆ మొహాన్ని ఫొటో తీసి పర్యాటకశాఖ వాడుకోవచ్చు.

ఇక వాన. నవంబరులో ధర ఎందుకు దిగిందని ఎవరూ అడగరు. నెల్లూరు జిల్లావాళ్ళం మనమే అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? ఈశాన్య రుతుపవనం మనకీ చెన్నైకీ ఒక్కటే. 2015 నవంబరునూ, 2021 నవంబరునూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానునూ కళ్ళారా చూసినవాళ్ళం. పిడుగులు పడుతుంటే ఎత్తయిన చక్రాలు ఆపేస్తారు, ఆపాలి కూడా. అప్పుడు నలుగురూ గొడుగు కింద నిలబడి, టికెట్టు కొని వచ్చి నీళ్ళలో తడవాల్సినవాళ్ళు ఉచితంగా తడుస్తుంటారు. ఇది చెన్నై ఘనత ఒక్కటే అనుకునేరు. అమెరికాలో కొడుకు దగ్గరికి పోయిన మన పెద్దవాళ్ళని ఆర్లాండో డిస్నీకి తీసుకుపోవడం ఇప్పుడు కాశీయాత్ర తర్వాతి మెట్టు. 2018 నుంచి అక్కడ తేదీని బట్టి టికెట్టు ధర. సెప్టెంబరులో చౌక. ఎందుకంటే అక్కడా పిల్లలకి బడి ఉంటుంది, ఫ్లోరిడాకి అది నడి హరికేన్ల కాలం. డాలర్ని రూపాయల్లోకి మార్చుకుంటూ చక్రం ఎక్కే ఉదయగిరి తాతకి కళ్ళు తిరిగేది చక్రం వల్ల కాదు.

మనకి ఇదివరకు విహారం లేదా అంటే, ఉంది. నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ళకి బండ్లు కట్టుకుని పోయిన వంశాలు మనవి. పెంచలకోన, ఏఎస్‌పేట దర్గా, నెల్లూరు బారాషహీద్ రొట్టెల పండగ. అక్కడా రంగులరాట్నం ఉంటుంది, మరణబావిలో మోటారుసైకిలు తిరుగుతుంది. తేదీ నిర్ణయించేది తిథో చంద్రుడో. రొట్టెల పండగ జరిగే మొహర్రం ఏటా పదిపదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఎండనీ వాననీ చుట్టి వస్తుంది. రేటు పడిపోయే దాకా ఆగి పోదామని ఆ పండగ జరిగే స్వర్ణాల చెరువు దగ్గర ఎవరూ అనరు.

మా జిల్లాకి ఈ ఆఫ్‌సీజన్ విద్యలో గురువు ఒకాయన లేకపోలేదు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి వచ్చి, ఉదయగిరి దుర్గం కింద ఏడాదిన్నర మకాం వేశాడు. అంత పొడుగు ప్యాకేజీ ఇప్పటిదాకా ఏ ట్రావెల్స్ వాడూ ప్రకటించలేదు. దుర్గం చేతికి చిక్కాక 1514 జూలైలో తిరుమలాదేవి, చిన్నాదేవి ఇద్దరినీ వెంటబెట్టుకుని తిరుమలకి పోయాడు. జూలై, కుటుంబ సమేతం, ఉదయగిరి మీదుగా: అన్నీ ఆఫ్‌సీజన్ లక్షణాలే. వెంకన్నకి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. డిస్కౌంటు అడిగినట్టు శాసనంలో లేదు. దుర్గంలోని బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఉదయగిరి నుంచి చెన్నైకి పోయిన పిల్లల్లో ఎత్తు కొలిపించుకోకుండా లోపలికి పోయినవాడు ఆ ఒక్కడే.

ఆ దుర్గం ఇంకా అక్కడే ఉంది. 3,079 అడుగుల ఎత్తు, గోడలు, గుళ్ళు, మసీదు, ఏ యంత్రమూ లేకుండా గుండె దడదడలాడించే దారి. మనవాళ్ళు ఎక్కరు. ఎక్కకపోవడానికి కారణం నాకు ఇప్పుడు అర్థమైంది: దానికి టికెట్టు లేదు, టికెట్టు లేనిదానికి ధర దిగదు, ధర దిగనిది మన కంటికి ఆనదు. ఎన్నికల ముందు పర్యాటక కేంద్రం చేస్తామనే పెద్దలకి నాదొక విన్నపం. రోడ్లూ మెట్లూ తర్వాత చూడొచ్చు. ముందు కొండకి 2,000 రూపాయల టికెట్టు పెట్టండి. మరుసటి వారం ఆత్మకూరులో ఫ్లెక్సీ కట్టండి: "ఉదయగిరి దుర్గం, ఆఫ్‌సీజన్ బంపర్, మనిషికి 2,000 బదులు సున్నా. నలుగురి కుటుంబానికి 8,000 ఆదా. సోమవారం నుంచి శుక్రవారం వరకు మాత్రమే." కింద చిన్న అక్షరాల్లో "పులిహోర తెచ్చుకోవచ్చు" అని వేయించండి. ఈ ముసాయిదా చూపిస్తే తుఫాన్ బండి ఆసామి ఎంతో మెచ్చుకున్నాడు. ఆ పులిహోర లైను ఒక్కటి తీసేస్తే పెట్టుబడి తానే పెడతానన్నాడు.