సువర్ణావకాశం, రుసుము అదనం

విశ్వవిద్యాలయాల నోటీసు బోర్డులకు ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుంది. పరిశోధక విద్యార్థికి రావలసిన డబ్బు సంగతి రాసిన కాగితం కింది మూలన, తుప్పు పట్టిన గుండుసూదికి వేలాడుతుంది. వాడి జేబులోంచి పోవలసిన డబ్బు సంగతైతే రంగుల్లో, కంటి ఎత్తున, ‘సువర్ణావకాశం’ అన్న శీర్షికతో మెరుస్తుంది. ఆ బోర్డు ఇప్పుడు వాట్సాప్ గ్రూపులోకి మారింది. నియమం మారలేదు. ఫెలోషిప్ డబ్బులు ఎప్పుడు పడతాయని గ్రూపులో అడగండి. నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. ఆ ప్రశ్న పైకి జరిగిపోయేలా ఎవరో ఒక కొత్త సదస్సు బ్రోచరు మాత్రం తెచ్చి పడేస్తారు.

నాందేడ్ వైపు నుంచి చూస్తే ఈ వినోదం ఇంకాస్త రక్తి కడుతుంది. ఊరి శివార్లలో విష్ణుపురిలో స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం ఉంది. 1994 సెప్టెంబరు 17న, మరాఠ్వాడా విమోచన దినం నాడు పుట్టింది. నాందేడ్, లాతూర్, పర్భణీ, హింగోలీ జిల్లాలు దాని పరిధి. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు తెలుగిళ్ల పిల్లలకు దగ్గరి విశ్వవిద్యాలయం ఇదే. వాళ్లు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, థీసిస్‌లో ఇంగ్లిషు వాడతారు. ఈ నాలుగింటిలోనూ అనువాదం అక్కర్లేకుండా అర్థమయ్యే మాట ‘రిజిస్ట్రేషన్ ఫీజు’. ఇది ఈ ఒక్క విశ్వవిద్యాలయం మీద ఫిర్యాదు కాదు. అదే బ్రోచరు ఊరి పేరు మార్చుకుని వరంగల్‌లోనూ, అనంతపురంలోనూ, గుల్బర్గాలోనూ తిరుగుతుంది. అచ్చుతప్పులు కూడా మారవు.

ఏమేం అవకాశాలో చూడండి. సదస్సులో పత్రం చదివే అవకాశం, రుసుము చెల్లించి. పరిశోధన ఎలా చేయాలో వారం రోజుల్లో నేర్చుకునే అవకాశం, రుసుము చెల్లించి. ఎవరో సంపాదకత్వం వహించే పుస్తకంలో మీ వ్యాసం ఒక అధ్యాయంగా రావడానికి ఒక రుసుము. ఆ పుస్తకం మీ చేతికి రావాలంటే ఇంకో రుసుము. వీటన్నిటికీ తలమానికం యువ పరిశోధక పురస్కారం. మీరు ఎంపికయ్యారు, అభినందనలు, శాలువా మెమెంటో ఖర్చు మాత్రం మీరే పంపాలి. తన శాలువా తానే కొని, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి చేత కప్పించుకుని, ఆ ఫొటోను తానే స్టేటస్‌లో పెట్టుకునే పరిశోధకుణ్ని చూసి నవ్వకండి. రేపు ఇంటర్వ్యూలో ఆ ఫొటో వెనకున్న కాగితం అడుగుతారని వాడికి ఎవరో చెప్పారు. ఆ చెప్పినాయనే శాలువా సంఘానికి అధ్యక్షుడు.

ఇంతకీ ఊరూరా సదస్సులన్నీ ఒక్కసారిగా ‘అంతర్జాతీయం’ ఎలా అయ్యాయి? దీనికి చరిత్ర ఉంది. 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యాపకుల ఎంపికకూ పదోన్నతికీ ఏపీఐ అనే పాయింట్ల పట్టిక తెచ్చింది. అంతర్జాతీయ సదస్సులో పత్రం చదివితే 10 పాయింట్లు, జాతీయ సదస్సైతే 7.5, రాష్ట్ర స్థాయిదైతే 5, కాలేజీ స్థాయిదైతే 3. ఇక చూడండి. అదే హాలు, అదే మైకు, అదే ఉప్మా. గదిలో ఉన్న మనుషులూ వాళ్లే. కానీ న్యూజెర్సీలో ఉండే ఒక ప్రొఫెసరుగారి బావమరిది తెర మీద ప్రత్యక్షమై, ‘నా గొంతు వినిపిస్తోందా?’ అని అడిగితే చాలు, 3 పాయింట్ల సభ 10 పాయింట్ల సభ అయిపోయేది. ఆ ఒక్క ప్రశ్న ఖరీదు 7 పాయింట్లు. ఆయన తర్వాత ఏం మాట్లాడాడన్నది ఎవరికీ పట్టేది కాదు. ఎలాగూ నెట్ పోయుండేది.

అధ్యాపకులకు సభలు కావాలి, సరే. మరి ఆ సభల్లో కుర్చీలు నింపేదెవరు? ఆ సంగతి యూజీసీ 2016 నిబంధనలు చూసుకున్నాయి. పీహెచ్‌డీ థీసిస్ సమర్పించాలంటే పత్రికలో కనీసం ఒక వ్యాసం, సదస్సుల్లో రెండు పత్రాలు తప్పనిసరి అన్నాయి. దుకాణం ఒకరు తెరిస్తే గిరాకీని గెజిట్ పంపించిందన్నమాట. మధ్యాహ్నం భోజనాల తర్వాత జరిగే సమాంతర సమావేశంలో ఒకసారి కూర్చుని చూడండి. మనిషికి ఐదు నిమిషాలు, మూడో నిమిషంలో గంట. శ్రోతలు ఎవరంటే, తమ వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. తన వంతు అయిపోయినవాడు సర్టిఫికెట్ల బల్ల దగ్గర ఉంటాడు. అధ్యక్షులవారు ప్రతి పత్రాన్నీ ‘చాలా ఆలోచింపజేసేది’ అంటారు. ఆయన ఆలోచిస్తున్నది నాందేడ్ స్టేషన్లో అందుకోవలసిన దేవగిరి ఎక్స్‌ప్రెస్ గురించి.

2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు ఆ వ్యాసాల, పత్రాల నిర్బంధం ఎత్తేశాయి. బ్రోచర్లు తగ్గాయా? అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి ఎవర్ని పిలవాలో లెక్కగట్టే 2018 పట్టికలో ఒక్కో ప్రచురణకు 2 మార్కులు, మొత్తం 10 దాకా, ఉండనే ఉన్నాయి. పైగా నిర్బంధం తీసేశారన్న కబురు చేరవేయడానికే ఇంకో వర్క్‌షాపు పెట్టుకోవచ్చు.

కరోనా కాలం ముచ్చట ఒకటి చెప్పి ముందుకు పోతాను. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా మూతపడితే తెరుచుకున్నవి వెబినార్లే. చివర్లో ఒక గూగుల్ ఫారం, పది ప్రశ్నలు, నాలుగు సరిగ్గా రాసినా ఈ-సర్టిఫికెట్. కొందరు ఒకే పూట మూడు విశ్వవిద్యాలయాల్లో హాజరయ్యారు. యోగులకే సాధ్యమని చెప్పుకునే విద్య అది. మనవాళ్లు డేటా ప్యాక్‌తో సాధించారు.

ఇక పత్రికల సంగతి. ఇందులో మన తెలుగువాళ్లు ప్రపంచస్థాయి కీర్తి గడించారు. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. వ్యాసాలు నిపుణులు సమీక్షించినట్టు బూటకపు ప్రచారం చేస్తున్నారని, రుసుము సంగతి ముందు దాచి తర్వాత గుంజుతున్నారని, ఒప్పుకోని పండితుల పేర్లు సంపాదకవర్గంలోనూ సదస్సుల ప్రకటనల్లోనూ వేస్తున్నారని అభియోగం. సంస్థ కాదంది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల 1 లక్ష డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. అప్పటి మారకంలో సుమారు 350 కోట్ల రూపాయలు. మన సాఫ్ట్‌వేరు వాళ్లు అమెరికా నుంచి డాలర్లు తెస్తారని విన్నాం, అమెరికా కోర్టు ఇన్ని డాలర్లు వెనక్కి అడిగిన ఘనత మాత్రం పరిశోధనా ప్రచురణకే దక్కింది.

అంతకు ముందే, 2013లో, జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు ఒక పని చేశాడు. రాళ్ల మీద పెరిగే లైకెన్‌లోని పదార్థం కేన్సర్ కణాలను అణచేస్తుందని, ఇంటర్ పిల్లాడు కూడా పట్టుకోగల తప్పులతో ఒక దొంగ వ్యాసం అల్లి, లేని శాస్త్రవేత్తల పేర్లతో 304 పత్రికలకు పంపాడు. 157 పత్రికలు ఒప్పేసుకున్నాయి. ఆ కథ సైన్స్ పత్రికలో అచ్చయింది. అలా ఒప్పుకున్నవాటిలో ఏ దేశపు చిరునామాలు ఎక్కువో చెప్పనక్కర్లేదు కదా. యూజీసీ కూడా 2018 మే నెలలో తన ఆమోదిత జాబితాలోంచి 4,305 పత్రికలను ఒక్క దెబ్బతో తీసేసింది. అంతవరకూ వాటిని ఆమోదించింది ఎవరయ్యా అంటే, యూజీసీయే. ఆ నాలుగు వేల పత్రికల్లో అచ్చయిన వ్యాసాల మీద పదోన్నతి పొందినవారు పదోన్నతిలోనే ఉన్నారు, జాబితా ఒక్కటే దిగిపోయింది.

అసలైన అవకాశం మాటకొద్దాం. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. మంచిదే, కానీ అది వచ్చేది ఎందరికి? నెట్ పరీక్ష పాసవకుండా పీహెచ్‌డీ చేసేవారికి యూజీసీ ఇచ్చే నెలకు 8,000 కేంద్రీయ విశ్వవిద్యాలయాల వాళ్లకే. నాందేడ్ రాష్ట్ర విశ్వవిద్యాలయం కాబట్టి ఆ తలుపు మూసే ఉంటుంది. మిగిలినవి మహారాష్ట్ర ప్రభుత్వం కులాల వారీగా పెట్టిన బార్టీ, సారథి, మహాజ్యోతి సంస్థల ఫెలోషిప్‌లు. 2023 డిసెంబరులో నాగపూర్ శాసనమండలి సమావేశాల్లో సారథి ఫెలోషిప్‌ల సంఖ్య కుదించడం మీద చర్చ వస్తే, అప్పటి ఉపముఖ్యమంత్రి అజిత్ పవార్ పీహెచ్‌డీ చేసి వీళ్లు ఏం దీపాలు వెలిగిస్తారని అడిగారు. ఆ మాట మీద రాష్ట్రమంతా పరిశోధకులు మండిపడ్డారు. నాకైతే ఆయన ఎప్పుడూ సదస్సు ఏర్పాట్లు దగ్గరుండి చూడలేదేమో అనిపించింది. వేదిక మీద దీప ప్రజ్వలన చేసేది మంత్రిగారే కావచ్చు. కుందె తోమి, వత్తులు వేసి, నూనె పోసి, ఫ్యాను ఆపి, అగ్గిపెట్టె చేతికందించేది పీహెచ్‌డీ విద్యార్థే. ఆ పనికి పాయింట్లు లేవు.

అదే నెల 24న ఆ ఫెలోషిప్‌లకు పరీక్ష పెట్టారు. 2019 నాటి సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) ప్రశ్నపత్రమే దించేశారని అభ్యర్థులు గగ్గోలు పెట్టారు. మళ్లీ 2024 జనవరి 10న పెట్టారు. ఈసారి ప్రశ్నపత్రాలకు సీలు లేదని అభ్యర్థులు బయటికి నడిచారు. పరిశోధనలో నకలు పట్టుకోవడానికి సాఫ్ట్‌వేరు కొన్న దేశం మనది. ప్రశ్నపత్రం తయారుచేసినవారి మీద దాన్ని ఒకసారి నడిపితే బాగుండేది.

ఇన్నిటి మధ్య ధర్మాబాద్ కుర్రాడొకడు వారానికోసారి ఇంటికి పోతాడు. నాయన మిరప మార్కెట్లో హమాలీ. అమ్మ అడుగుతుంది: ‘ఇంకెన్ని దినాలు సదువుతవ్ బిడ్డా? జీతం ఎప్పుడస్తది?’ వాడు సంచిలోంచి సర్టిఫికెట్ల ఫైలు తీసి చూపిస్తాడు. ‘ఇన్నింటికి పైసలిచ్చిండ్రా?’ అని అమ్మ. ‘ఇచ్చిండ్రు కాదమ్మా, ఇచ్చిన’ అని వాడు. ఆమెకు ఈ వ్యాపారం బోధపడదు. మార్కెట్లో బస్తా మోసినోడికి కూలీ ఇస్తారు గానీ, మోసే అవకాశం ఇచ్చినందుకు వాడి దగ్గర వసూలు చేయరు. డాక్టరేట్ చేతికొచ్చాక వాడికి దొరికేది బహుశా సీహెచ్‌బీ కొలువు. అంటే ఎన్ని గంటలు పాఠం చెబితే అన్ని గంటలకే కూలి, సెలవులకు సున్నా. పోస్టులు ఖాళీగా ఉంటాయి, ప్రకటన రాదు. అది సువర్ణావకాశం కాదు కాబట్టి దానికి పోస్టరు ఉండదు.

విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన స్వామిగారి సంగతి కూడా చూడాలి. వెంకటేశ్ ఖేడ్గీకర్‌గా పుట్టి, సన్యాసం పుచ్చుకుని, మరాఠ్వాడా బడుల్లో పాఠాలు చెప్పి, 1938లో నిజాం నిషేధించిన స్టేట్ కాంగ్రెస్ కోసం జైలుకు పోయిన మనిషి. పీవీ నరసింహారావు ఆయన్ని గురువుగా చూసుకున్నారు. పోచంపల్లిలో ఆయన పేరిట గ్రామీణ సంస్థ ఉంది. హైదరాబాద్ స్వాతంత్ర్య పోరాటం మీద జ్ఞాపకాలు 1967లో ప్రచురించారు. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిందే 1970లో. కాబట్టి తన పేరిటి విశ్వవిద్యాలయంలోనే స్వామిగారు కొలువుకు దరఖాస్తు పెట్టుకుంటే, సంఖ్య లేని పుస్తకమని పరిశీలన కమిటీ ఎర్రగీత పెడుతుంది. జైలు సర్టిఫికెట్ జాతీయ స్థాయిదో రాష్ట్ర స్థాయిదో తేలక ఫైలు ఆగుతుంది.

ఆయన జైల్లో ఉన్న ఆ రోజుల్లోనే ఔరంగాబాద్, ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థుల్ని తరిమేస్తే, నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. ఉపకులపతి కేదార్ వాళ్లను చేర్చుకున్నారు. పీవీ లా చదివింది ఆ నాగపూర్‌లోనే. విద్యార్థికి అవకాశమంటే అలాంటిది. దానికి బ్రోచరు వేసినట్టు ఎక్కడా చదవలేదు.

మంచి సదస్సులు లేవని కాదు. గ్రంథాలయం పక్క గదిలో పదిహేను మంది కూర్చుని, ఒక మంచి పండితుడు రెండు గంటలు మాట్లాడి, కిన్వట్ నుంచి వచ్చిన పిల్ల ఒక చిక్కు ప్రశ్న వేసి, ఆయన తెలియదని ఒప్పుకున్న సభలు కూడా జరుగుతాయి. వాటికి సాధారణంగా ఫ్లెక్సీ ఉండదు. తేడా పట్టుకోవడం సులభం. బ్రోచరు కింద ‘సర్టిఫికెట్లు ఇవ్వబడవు’ అని ఒక్క వాక్యం వేసి చూడండి. అప్పుడు ఎవరొస్తారో వాళ్లతోనే సభ జరపండి. వేసే ధైర్యం నిర్వాహకులకుంటే వాళ్ల కాళ్లు మొక్కుతాను. నాందేడ్‌లోనే హజూర్ సాహిబ్ గురుద్వారాలో రోజూ ఎంతమంది వచ్చినా లంగర్‌లో కూర్చోబెట్టి అన్నం పెడతారు, రిజిస్ట్రేషన్ లేదు, కూపన్ లేదు, తిన్నట్టు ధ్రువపత్రం లేదు. మన సదస్సుల్లో కూపన్ పారేసుకున్న పరిశోధకుడు సాంబారు దాకా పోలేడు.

2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ పాత ఆమోదిత జాబితా స్థానంలో తెచ్చుకున్న కేర్ పత్రికల జాబితాను కూడా ఎత్తేసింది. ఏది మంచి పత్రికో ఇకపై విద్యాసంస్థలే తేల్చుకోవాలి, కొన్ని సూచనలు మాత్రం ఇచ్చింది. అంటే ప్రతి విశ్వవిద్యాలయమూ ఒక కమిటీ వేసుకోవాలి. పత్రికల మంచిచెడ్డలు బాగా తెలిసినవారు, అంటే వాటిలో ఎక్కువ వ్యాసాలు అచ్చేసుకున్నవారు, అందులో ఉంటారు. వాళ్లకు అవగాహన కల్పించడానికి ఎక్కడో ఒకచోట రెండు రోజుల సదస్సు తప్పదు. పరిశోధకులకు రుసుములో రాయితీ, ముందుగా నమోదు చేసుకున్నవారికి సంచి ఉచితం. న్యూజెర్సీ బావమరిదికి ఆ పూట తీరికుంటే అంతర్జాతీయం, లేకపోతే జాతీయం.