తరంగం పళ్ళెం కథ

నిలబడిన మనిషి బరువంతా ఒక్కచోట కూడినట్టు లెక్కగట్టగల బిందువును గురుత్వ కేంద్రం అంటారు. పెద్దవాళ్ళలో అది పాదాల నుంచి ఎత్తులో సుమారు 55 శాతం దగ్గర, బొడ్డుకు కాస్త దిగువన, వెన్నెముక అడుగు భాగానికి ముందు ఉంటుంది. పురుషుల కంటే స్త్రీలలో కొంచెం కిందుగా ఉంటుంది. 17వ శతాబ్దపు ఇటలీ శాస్త్రజ్ఞుడు బొరెల్లి, మనిషిని పలక మీద పడుకోబెట్టి, ఆ పలకను పదునైన అంచు మీద ఆనించి, రెండు వైపులా సరితూగే చోటు వెతికి దీన్ని కొలిచాడు. కూచిపూడి నాట్యంలో పళ్ళెం అంచు మీద నిలిచి ఆడే తరంగంలో నర్తకిని మోసే ఈ ఇత్తడి పళ్ళేనికి అలాంటి కొలత ఏదీ అందలేదు. పాదాలు తన అంచును ఎక్కడ ఎంత నొక్కుతున్నాయన్నదే దానికి తెలిసిన లోకం.

రాగి, జింకు కలిసిన లోహం నుంచి రూపం దిద్దుకున్న నాడే దాని గుణం ఖరారైంది. అడుగు వ్యాసం 24 సెంటీమీటర్లు. అంచు అంతకంటే వెడల్పుగా విచ్చుకుని పైకి లేచింది. గురుత్వ కేంద్రం నుంచి నిలువుగా కిందికి గీసిన గీత ఆధార తలం లోపల పడినంతసేపే శరీరం పడకుండా నిలుస్తుంది. నేల మీద ఆ ఆధారం రెండు పాదాలూ, వాటి నడుమ చోటూ. పళ్ళెం మీద మాత్రం నేలకు ఆనిన అడుగు వృత్తమే ఆధారం. పాదాలేమో ఆ వృత్తం వెలుపల, అంచు మీద ఉంటాయి. బరువంతా ఒక పాదం మీదికి వాలితే గీత వృత్తం దాటుతుంది, అవతలి అంచు లేస్తుంది. కొత్తగా ఎక్కిన ప్రతి అమ్మాయి పాదాల కిందా ఈ పళ్ళెం ఇలాగే లేచింది. తప్పు పాదాలది కాదు, పైన నడుము ఒరిగిన తీరుది.

మోకాళ్ళు వంచి నిలిచే అరమండి భంగిమ విలువ ఇక్కడే తెలుస్తుంది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న నర్తకి నిటారుగా నిలిస్తే గురుత్వ కేంద్రం 88 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అది అడుగు వృత్తం మధ్యకు సరిగ్గా పైన ఉన్నప్పుడు, పడిపోయే హద్దు చేరడానికి దాదాపు 8 డిగ్రీల ఒరుగుదల చాలు. మోకాళ్ళు వంచి కేంద్రాన్ని 68 సెంటీమీటర్లకు దించితే ఆ హద్దు 10 డిగ్రీలవుతుంది. రెండే డిగ్రీలు కావచ్చు, కానీ నర్తకి ధైర్యమంతా ఆ రెండు డిగ్రీల్లోనే ఉంది. తల మీద నీళ్ళ చెంబు పెడితే లెక్క ఎదురు తిరుగుతుంది. 50 కిలోల మనిషి నిటారుగా నిలిచి 2 కిలోల చెంబు మోస్తే, ఉమ్మడి గురుత్వ కేంద్రం సుమారు 3 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. బరువు చిన్నదే, కానీ ఉన్నది అన్నిటికంటే ఎత్తైన చోట.

చూసేవాళ్ళకు నర్తకి బొమ్మలా నిలిచినట్టుంటుంది. నిజానికి ఏ మనిషీ కదలకుండా నిలబడడు. మామూలుగా నిలబడినప్పుడు బరువు గీత చీలమండకు కాస్త ముందు పడుతుంది. శరీరం ముందుకు తూలకుండా పిక్క కండరాలు ఎప్పుడూ వెనక్కి లాగుతుంటాయి. లోపలి చెవిలోని మూడు అర్ధచంద్రాకార నాళాలు తల తిరుగుడును, వాటి పక్కనే ఉన్న సున్నపు స్ఫటికాల సంచులు ఒరుగుదలను మెదడుకు తెలుపుతాయి. కళ్ళూ, కీళ్ళూ, అరికాలి చర్మమూ తమ వంతు కబురు పంపుతాయి. కళ్ళు మూస్తే ఊగుడు పెరుగుతుంది. అందుకే నర్తకి చూపు ఒకచోట నిలుపుతుంది. సన్నని అంచు మీద పాదం పూర్తిగా ఆనదు గనుక చీలమండ పట్టు సరిపోదు, దిద్దుబాటు పని నడుము మీద పడుతుంది. చెంబులో నీళ్ళు తొణకకుండా తల నిలవాలంటే దిద్దుబాటంతా మెడకు కిందే జరిగిపోవాలి.

ఆ దిద్దుబాట్లన్నీ చివరికి ఒత్తిడిగా పళ్ళేనికి చేరుతాయి. గురుత్వ కేంద్రం కుడికి జారితే, పాదాల కింది ఒత్తిడి కేంద్రం దానికంటే ఇంకా కుడికి వెళ్ళి దాన్ని తిరిగి మధ్యకు నెడుతుంది. ఎడమకు జారితే ఎడమకు. నిలకడ అంటే ఈ ఎడతెగని పరుగే. నడకను పరిశీలించే ప్రయోగశాలల్లో ఫోర్స్ ప్లేట్ అనే పరికరం కొలిచేదీ దీన్నే. వయసు మళ్ళినవారు ఎంత ఊగుతున్నారో, పడే ముప్పు ఎంతో అంచనా వేయడానికి అది పనికొస్తుంది.

పళ్ళెం నడక కూడా ఈ సూత్రం మీదే సాగుతుంది. బరువైన బీరువాను ఒక కోడు మీద ఆనించి రెండోదాన్ని ముందుకు తిప్పినట్టు, నర్తకి బరువును హద్దు దాటకుండా ఒక అంచు వైపు చేర్చి, తేలికైన రెండో వైపును తాళానికి తగ్గట్టు ముందుకు జరుపుతుంది. మృదంగం జోరు పెరిగే కొద్దీ ఈ మార్పిడి వేగం అందుకుంటుంది, హద్దుకూ గీతకూ మధ్య ఎడం తగ్గుతుంది. నేల మీద గీత హద్దు దాటితే మనిషి ఒక అడుగు ముందుకేసి ఆధారాన్ని పెంచుకుంటాడు. పళ్ళెం మీద ఆ అడుగుకు చోటు లేదు. గీత దాటిన నర్తకి కిందికి దిగి, పాదాలు ఎడంగా పెట్టుకుని నిలదొక్కుకుని, మళ్ళీ ఎక్కాల్సిందే.