మా ఇంటికి పుట్టినరోజు

మా ఇంటి నంబరు 7-8-12. ముప్పై ఏళ్ళుగా గేటు మీద అదే ఉంది. పోస్ట్‌మ్యాన్ నుంచి పాలవాడి దాకా ఎవరికీ అనుమానం రాలేదు. మొన్న కాలనీ సంఘం లెక్కలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాక తెలిసింది, అది ఇంటి నంబరు కాదట, 2012 జులై 8 అట!

సెక్రటరీగారి దగ్గర మొరపెట్టుకుంటే, "కంప్యూటర్ ఊరికే మారుస్తుందాండీ?" అన్నారు. మారుస్తుందండీ. అంకెల మధ్య రెండు అడ్డగీతలు కనబడితే చాలు, అడక్కుండానే తేదీ చేసి కూర్చుంటుంది. ఆ లాప్‌టాప్ వాళ్ళబ్బాయి అమెరికా నుంచి తెచ్చింది. దానికి నెల ముందు, రోజు తర్వాత.

ఆయన పట్టుదల మనిషి. ఆ వరస మొత్తం 'టెక్స్ట్'గా మార్చారు. మా ఇల్లు 41098 అయింది. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని ఎక్సెల్ రోజులు లెక్కపెడుతుంది. అందులో 1900 ఫిబ్రవరి 29 కూడా ఉంది. ఆ ఏడు లీపు సంవత్సరమే కాదు. పాత లోటస్ ప్రోగ్రామ్ చేసిన పొరపాటును, దాని ఫైళ్ళతో పొత్తు కుదరాలని ఎక్సెల్ కూడా నెత్తికెత్తుకుంది. లేని రోజును ఉందనేవాడికి ఉన్న ఇంటిని లేదనడం ఒక లెక్కా!

మా బావమరిది కౌలు లెక్కలూ అదే లాప్‌టాప్‌లో వేయించాను, నాది బుద్ధి తక్కువ. సర్వే నంబరు 10/2 కాస్తా అక్టోబర్ 2 అయింది. "పట్టా ఉంది బావా, పొలమే గాంధీ జయంతిలో కలిసిపోయింది" అన్నాడు.

ఇళ్ళూ పొలాలూ పోతే పోయాయి, అసలు సంగతి మెయింటెనెన్స్ దగ్గర తేలింది. గడువు నెలనెలా పదో తారీఖు, దాటితే రోజుకు పది రూపాయలు జరిమానా. నేను మార్చి 5న కట్టాను. పుస్తకంలో ఉన్న 05/03ను లాప్‌టాప్ మే 3 అని చదివింది. యాభై నాలుగు రోజుల ఆలస్యం, 540 రూపాయలు! ఎదురింటాయన మార్చి 25న కట్టారు. ఇరవై అయిదో నెల ఎక్కడా లేదు కాబట్టి ఆ తేదీ జోలికి ఎక్సెల్ పోలేదు, ఉత్త అక్షరాలుగా గడిలో ఎడమవైపు ఒదిగి కూర్చుంది. జరిమానా ఫార్ములాకు చిక్కలేదు. ఆయన ఇప్పుడు కాలనీలో మచ్చలేని మనిషి. పన్నెండో తారీఖు లోపు కడితే దొంగ, దాటాక కడితే దొర. రోజూ నెలా ఒకటే అయిన 4/4 లాంటి పన్నెండు తేదీలు తీసేసినా, ఏడాదికి 132 రోజులు నోరు మెదపకుండా తిరగబడతాయి. తప్పు చదివినట్టు ఒక్క ఎర్రగీతైనా రాదు.

గుడి చందాల్లోనూ ఇదే తంతు. జర్మనీ నుంచి మా మేనల్లుడు 1.500 యూరోలని రాసి పంపాడు. అక్కడ వేలకు చుక్క, దశాంశానికి కామా. మన జాబితాలో వాడి భక్తి ఒకటిన్నర యూరో.

ఇదంతా చదువు తక్కువై వచ్చిన తిప్పలు అనుకోకండి. మార్చ్1, సెప్ట్1 అని మనిషి జన్యువులు ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబర్ 1 చేసి పరిశోధన పత్రాల్లోకి పంపింది. ఏళ్ళ తరబడి వేగి, 2020లో జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ ఆ జన్యువుల పేర్లే మార్చేసింది, మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని. ఆ తర్వాత 2023లో మైక్రోసాఫ్ట్ తీరిగ్గా ఒక మీట ఇచ్చింది, అక్షరాలూ అంకెలూ కలిసున్నవాటిని తేదీ చేయకుండా ఆపుకోవచ్చని. మా ఇంటి నంబరులో అక్షరం ఏదీ?

ఎక్కించేముందే ఏ వరస తేదీ, ఏది ఉత్త అక్షరాలు అని చెప్పాలని సెక్రటరీగారికి విన్నవించాను. ఆయన సగం విన్నారు. లాప్‌టాప్‌ను ఇండియా పద్ధతికి తిప్పి ఫైలు మళ్ళీ ఎక్కించారు. నా 540 మాఫీ అయింది. మా ఇల్లు 2012 ఆగస్టు 7కు జరిగింది.

సభ్యుల పుట్టినరోజులకు శుభాకాంక్షలు పంపే ఏర్పాటొకటి సంఘానికి ఉంది. అది ఏ వరస చూసి పంపుతుందో మీరు ఊహించే ఉంటారు. జులై 8న ఒకటి వచ్చింది, ఆగస్టు 7న ఇంకొకటి. మా ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "మీకు మాత్రం సర్టిఫికెట్‌లో ఒకటి, అసలుది ఒకటి లేవూ?" అంటూ గుమ్మానికి పసుపు రాసింది.