లినక్స్ ఎక్కడం లేదా? ఇలా చెయ్యండి

బ్యాకప్ పిరికివాళ్ల వ్యవహారం, ముందే చెబుతున్నాను. పెళ్లి ఫొటోలూ, ఇన్‌కమ్‌టాక్స్ కాగితాలూ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయంటే మరీ మంచిది. చెయ్యి వణుకుతూ ఉంటే పని శ్రద్ధగా సాగుతుంది.

ఉబుంటు ఐఎస్ఓ దింపుకునే చోట షా256 పేరుతో 64 అక్షరాల చాంతాడు ఒకటి ఉంటుంది. దాంతో మీ ఫైలును సరిచూసుకోకండి. డౌన్‌లోడ్‌లో ఫైలు పాడైతే ఇన్‌స్టలేషన్ మధ్యలో చతికిలబడుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీని తిట్టుకోవచ్చు. రూఫస్, ఎచర్ లాంటివి ఎందుకు, ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్ కొట్టండి. బూట్ కాకపోతే పెన్‌డ్రైవ్ మార్చండి. డీడీ కమాండ్ వచ్చినవాళ్లకైతే ఇంకా తేలిక: ఏ డిస్కు ఏదో చూసుకోకుండా ఎస్‌డీబీ బదులు ఎస్‌డీఏ అని కొట్టండి. డీడీ "నిజంగానే చెబుతున్నారా?" అని అడగదు. యజమాని మాటకు ఎదురుచెప్పే అలవాటు దానికి లేదు.

ఇన్‌స్టాలర్‌కు హార్డ్‌డిస్కే కనబడలేదా? ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు ఆర్ఎస్‌టీ, వీఎండీ అనే ఏర్పాటు వెనకాల ఉంటుంది. తెలిసినవాళ్లు ముందు విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకునేట్టు పెట్టి, ఆ తర్వాత బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మారుస్తారు. మీకంత ఓపికెందుకు? నేరుగా మార్చేయండి. పన్లోపనిగా సెక్యూర్ బూట్ ఆపేసి, కంటికి కనిపించిన ఇంకో నాలుగు కూడా అటూఇటూ చెయ్యండి. ఏది ముందు ఎలా ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోవడం ఉత్త చాదస్తం.

ఈసారి విండోస్ తెరిస్తే నీలిరంగు తెర వస్తుంది. లేదంటే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ చెప్పమంటుంది. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మనకు తెలియకుండానే ఆ తాళం పడి ఉంటుంది. కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మాత్రం కొన్నరోజున షాపులో అన్నీ సెట్ చేసి ఇచ్చిన కుర్రాడికే తెలుసు. అతను మానేసి దుబాయ్ వెళ్లిపోయాడు.

ఎన్విడియా కార్డున్నవాళ్లకు నల్లతెర యోగం ఉంది. గ్రబ్ మెనూలో ఇంగ్లీషు 'ఇ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ చేర్చి, ఎఫ్10 కొడితే చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది. రెండు నిమిషాల్లో పనైపోతే మిగతా ఆదివారం ఏం చేస్తారు? వేరే డిస్ట్రో దింపండి. ఉబుంటు తర్వాత మింట్, మింట్ తర్వాత ఫెడోరా. పాత చెక్‌సమ్ నియమమే మూడింటికీ వర్తిస్తుంది.

ఎవరినైనా సాయం అడగాల్సివస్తే "అన్నా, లినక్స్ రావట్లేదు, అర్జెంట్" అని రాత్రి పదకొండున్నరకి వాట్సాప్ పెట్టండి. మోడల్ పేరు చెప్పకండి. తెరమీద ఏం రాసుందని అడిగితే "ఏదో వచ్చిందన్నా, ఓకే కొట్టేశా" అనండి.

ఇన్ని చేసినా ఖర్మకాలి లినక్స్ ఎక్కేసి, పక్కన విండోస్ కూడా బతికి ఉంటే, విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. ఒక్క కమాండ్‌తో సర్దుకుంటుంది కానీ, దాని జోలికి పోకండి. పొద్దున పదింటికి ఆఫీసు మీటింగ్ ఉందనగా గడియారం నాలుగున్నర చూపిస్తుంది. దుప్పటి ముసుగేసి మళ్లీ పడుకోండి.