కౌకూర్ చాయ్ జాలి ఆత్మకథ

ఈ జాలి స్టీలుది. బొల్లారం బజారులోని ఓ సామాన్ల కొట్టు నుంచి కౌకూర్‌లో ఓ వంటింటికి కాపురానికి వచ్చింది. తన కథ తానే చెబుతున్నా ‘నేను’ అనదు, ‘జాలి’ అనే చెప్పుకుంటుంది. రెండు పూటలా చాయ్ దాని మీంచే గ్లాసుల్లోకి దిగాలి కనుక, ఆ ఇంటి చాపత్త లెక్కలన్నీ దానికి ఎరుకే.

అత్తమ్మది పాత అలవాటు. పొద్దున వడకట్టిన పిప్పిని మళ్ళీ గిన్నెలోకే దులిపి, సాయంత్రం దానిమీద చిటికెడు కొత్త చాపత్త వేసి మరిగించేది.

“రంగొస్తది గని రుచి యాడుంటది అత్తమ్మా?” అనేది కోడలు.

జాలి కోడలి పక్షమే. మన ఇళ్ళలో వాడే పలుకుల చాపత్త ఎక్కువగా సీటీసీ రకం. 1930ల మొదట్లో అస్సాంలోని అమ్‌గూరి తోటలో విలియం మెక్‌కెర్చర్ తెచ్చిన పద్ధతి ఇది. పళ్ళున్న రోలర్ల మధ్య ఆకు నలిగి, చిరిగి, ఉండ కడుతుంది. కణాలన్నీ చితికిపోతాయి కనుక సారం మొదటి మరుగులోనే దాదాపుగా దిగిపోతుంది. చైనా వాళ్ళు ఊలాంగ్‌ మీద పదే పదే వేడినీళ్ళు పోసుకుంటారంటే, అది చుట్టిన నిండు ఆకు, నెమ్మదిగా విచ్చుకుంటుంది. పాలలో పొంగించిన పిప్పికి ఆ యోగం లేదు. పైగా పాలు, చక్కెర తగిలిన తడి పిప్పి ఎండాకాలంలో సాయంత్రానికే పులుస్తుంది. ఆ వాసన ముందుగా తగిలేది జాలికే.

ఇంట్లో పిప్పి మరిగిస్తే అది పొదుపు తాపత్రయం. ఎండబెట్టి రంగేసి అమ్మితే మోసం. ఈ మోసం పాతదే. 1875లో బ్రిటన్ చేసిన ఆహార చట్టం ‘సారం పోయిన తేయాకు’ అంటే ఏమిటో నిర్వచించి, దిగుమతయ్యే తేయాకును కస్టమ్స్ వాళ్ళు పరీక్షించాలంది. మన దగ్గర విడిగా కొన్న చాపత్త మీద అనుమానం వస్తే ఇంట్లోనే చూసుకోవచ్చు. తెల్లటి వడపోత కాగితం మీద కాస్త చల్లి, నీళ్ళతో తడిపి, కాసేపయ్యాక పత్త తీసేసి కాగితం కడిగి చూస్తే, వేసిన రంగు మరకలుగా నిలుస్తుంది. ఇనుప రజను ఉంటే అయస్కాంతానికి అంటుకుంటుంది.

మరి పొదుపు ఎక్కడ? కొనేటప్పుడే. కోడలు కిలో ధర చూడదు, కప్పు ధర చూస్తుంది. కిలో 600 రూపాయల పత్త కప్పుకు 2 గ్రాములు చాలితే రూపాయి ఇరవై పైసలు. 400 రూపాయలది 3.5 గ్రాములు వేస్తేగానీ రంగు రాకపోతే రూపాయి నలభై. చవక ఏది?

డస్ట్ రకాన్ని చాలామంది ఫ్యాక్టరీ నేల ఊడ్చిన చెత్త అనుకుంటారు. పాపం, అది జల్లెళ్ళలో అన్నిటికంటే కిందికి దిగిన సన్నటి పలుకు, అంతే. త్వరగా దిగుతుంది, చిక్కగా వస్తుంది, పాలను తట్టుకుంటుంది. దక్షిణాదిలో దానికి గిరాకీ ఎక్కువ కూడా. పరిమళం కావాలంటే కాస్త పెద్ద పలుకు కలుపుకోవాలి. కోడలు రెండూ సగం సగం కలిపి, గాలి చొరని డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టింది. తేమ, వేడి తగిలితే ఎంత ఖరీదైన పత్తయినా చప్పబడుతుంది.

పిప్పి గురించి రాజీ కుదిరింది. పాలు, చక్కెర పోయేలా కడిగి, ఆరబెట్టి, గులాబీ కుండీల మట్టిలో కలుపుతున్నారు. ఆ పని అత్తమ్మదే. పారేయడం లేదు కనుక ఆమెకూ తృప్తి.

నష్టపోయింది జాలి ఒక్కటే. డస్ట్ దాని కళ్ళలోంచి జారి గ్లాసు అడుగున పేరుకుంటోంది. “గీ జాలితోని కాదు, సన్న కండ్లది తేవాలె” అని అత్తమ్మ నిన్న బజారు చీటీలో రాయించింది.