ట్రాన్స్‌ఫార్మర్ ఏ పాపం ఎరగదు

కారంచేడులో ‘ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది’ అన్నామంటే ఇక మన పని మన చేతుల్లో ఉండదు. అరుగు మీద కూర్చుని పక్కింటాయనతో నెమ్మదిగా అన్న మాట, కాఫీ తాగి గ్లాసు లోపల పెట్టేలోపు కొమ్మమూరు కాలవ గట్టుదాకా వెళ్లింది. ఒకాయన వచ్చి ఏ చేలోది, దాని కింద మోటార్లెన్ని అని అడిగాడు. ఇంకొకాయన ఆయిల్ ఉందా, దొంగలెత్తుకుపోయారా అన్నాడు. మూడో ఆయన మరీ మంచివాడు. “ట్రాక్టరు ఉంది మాస్టారూ, పొద్దున్నే దించి వేసుకుపోదాం, డీజిలుకు తలా ఇంత వేసుకుందాం” అన్నాడు. కాలింది చేలోది కాదు, రేడియోలోది, ఇదిగో ఇంత ఉంటుందని పిడికిలి చూపించాను. ముగ్గురూ కాసేపు నా మొహం చూశారు. “రేడియోలోదా మాస్టారూ!” అని, ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్లకు తెలుసా అన్నట్టు లోపలికి తొంగి చూసి వెళ్లిపోయారు.

ఆ రేడియో నాకు వాటాల్లో వచ్చింది. అన్నదమ్ముల పంపకాలప్పుడు పొలం గట్ల దగ్గర్నుంచి ఇత్తడి గంగాళం దాకా పెద్దమనుషులు రాత్రి పొద్దుపోయేదాకా తేల్చారు. రేడియో దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నోరు మెదపలేదు. పేచీ లేకుండా తెగిన వాటా అదొక్కటే. చెక్క పెట్టె, ముందు గుడ్డ, గాజు పలక మీద కొలంబో, ఢిల్లీ, లండన్ అని ఊళ్ల పేర్లు, మూలన పచ్చగా వెలిగే మ్యాజిక్ ఐ. రేడియో ఎప్పుడో ఆగిపోయింది. “మీకేనండీ తగింది” అంది మా ఆవిడ. అందులో మెచ్చుకోలు ఎంతో, ఇంకోటి ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఈ కాలం పిల్లలకు చెప్పినా నమ్మరు గానీ, అప్పట్లో రేడియో ఉన్న ఇంటివాళ్లు పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని ఏటేటా డబ్బు కట్టాలి. పాట వినడానికి కూడా పన్నే. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతకుముందు మా వైపు వాళ్లకు 1938లో వచ్చిన మద్రాసు కేంద్రమే దిక్కు. పగలు విజయవాడ, వీలు దొరికితే రేడియో సిలోన్. సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినిపిస్తే ఎదురింటి వాళ్లు కూడా మా అరుగు మీదకే వచ్చేవారు. మా ఊళ్లో పుట్టిన దగ్గుబాటి రామానాయుడు గారు మద్రాసు వెళ్లి 1964లో ‘రాముడు భీముడు’ తీశారు. మా ఊరి మనిషి తీసిన సినిమాలో పాట మద్రాసు నుంచి కొలంబో వెళ్లి, అక్కణ్ణుంచి షార్ట్‌వేవ్ మీద సముద్రం దాటి మళ్లీ కారంచేడు చేరేది. చీరాలలో బండెక్కి తెచ్చుకుంటే ఇంకా దగ్గర.

ఇక కాలిన కథ. సంక్రాంతికి మా బావమరిది వచ్చాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. కంప్యూటరు మొరాయిస్తే ఆపి మళ్లీ ఆన్ చేయడం తప్ప వేరే వైద్యం అతనికి తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. “ఆన్ చేసి చూద్దాం బావా” అన్నాడు. ఒరేయ్ అనేలోపే ప్లగ్గు పెట్టాడు. ఒక్క నిమిషం ఏమీ లేదు. తర్వాత గుయ్‌మని మోత. ఆ వెనకే లక్క కాలిన కంపు. అరిసెలు మాడాయేమోనని మా ఆవిడ వంటింట్లోకి పరుగెత్తింది. పొగ రేడియో వెనక నుంచి వస్తోంది. “ట్రాన్స్‌ఫార్మర్ పోయింది బావా” అని బావమరిది తీర్పు చెప్పి, పులిహోర తినడానికి వెళ్లాడు.

ఇంట్లో ఏం పగిలినా కొత్త కోడలి మీదకు వచ్చినట్టు, రేడియోలో ఏం జరిగినా ట్రాన్స్‌ఫార్మర్ మీదకే వస్తుంది. పాపం అది చేసే పనల్లా గోడలోంచి వచ్చే 230 వోల్టులను తీసుకుని ఎవరికి కావలసింది వాళ్లకు పంచడం. వాల్వుల్లో తీగ వేడెక్కడానికి 6.3 వోల్టులు, రెక్టిఫైయర్ వాల్వుకు రెండు పక్కలా 250 వోల్టులు. రెక్టిఫైయర్ ఏసీని డీసీగా మారుస్తుంది. ఆ డీసీలో మిగిలిన గరగరను అణచడానికి ఒక ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ ఉంటుంది. హంతకుడు అక్కడున్నాడు. అందులో అల్యూమినియం రేకు మీద ఉండే సన్నటి పొర, ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే పాడవుతుంది. అలాంటిదానికి ఒక్కసారిగా నిండు వోల్టేజీ ఇస్తే, ఆపాల్సిన కరెంటును అది కాలవ గండిలా వదిలేస్తుంది. ఆ భారమంతా ట్రాన్స్‌ఫార్మర్ మోస్తుంది, మోసి మోసి తీగ మీది ఎనామెల్ పూత కాలి చస్తుంది. మధ్యలో ఫ్యూజు అనే కాపలాదారు ఉండాలి. మా రేడియోలో ఆ స్థానంలో వెనకటి మెకానిక్ ఎవరో మోటారు వైరులో పోగొకటి మెలిపెట్టి కట్టాడు. మోటారే ఆగినా ఆ పోగు తెగదు.

ఇది కాకుండా మా వైపు ఇంకో చావు ఉంది. స్పీకరు దగ్గర ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అని చిన్నది ఉంటుంది. దాని తీగ వెంట్రుకకు కాస్త ఎక్కువ. వాడరేవు సముద్రపు గాలిలో ఉప్పూ తేమా ఉంటాయి, తీగలో ఎప్పుడూ డీసీ ఉంటుంది. ఈ మూడూ కలిస్తే రాగి ఒకచోట పచ్చగా చిలుమెక్కి, ఏ పొగా మంటా లేకుండా తెగుతుంది. రేడియో మూగబోతుంది. మూగబోయింది కదా అని ఆన్‌లోనే వదిలేస్తే స్పీకరును నడిపే ఈఎల్ 84 వాల్వులో ప్లేటుకు అందని కరెంటంతా స్క్రీన్ గ్రిడ్ మీద పడి, అది ఎర్రగా కాలుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కాసేపట్లో వాల్వు కూడా చస్తుంది.

మరమ్మతుకు చీరాలలో పంపు మోటార్లు చుట్టే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఐదు హార్స్‌పవర్ మోటారును అవలీలగా విప్పి చుట్టే మనిషి. నా పిడికెడు ట్రాన్స్‌ఫార్మర్‌ను అరచేతిలో పెట్టుకుని, “దీనికి దుకాణం తెరిచి కూర్చోవాలా మాస్టారూ” అన్నాడు. మీటరు పెట్టి చూశాడు. తీగ ఎక్కడా తెగలేదంది మీటరు. తెగలేదు, నిజమే, లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆ మాట మీటరు చెప్పదు. సీరీస్ బల్బు చెబుతుంది. రేడియో వైపు తీగలన్నీ ఊడదీసి, ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదాన్నే బల్బు మీదుగా కరెంటుకు కలిపితే బల్బు నిండుగా వెలిగింది. అంతే, పంచనామా పూర్తి.

స్టాంపింగ్స్ అనే ఇనుప రేకులు లక్కలో పాతుకుపోయి ఉంటాయి. మొదటి రేకు ఊడదీయడానికి అరపూట. మిగతావన్నీ కలిపి ఇంకో అరపూట. తర్వాత చుట్లు లెక్కపెట్టాలి. అదృష్టం బాగుంటే 6.3 వోల్టుల చుట్టు అన్నిటికన్నా పైన ఉంటుంది. మాకు బాగుంది, 32 చుట్లు వచ్చాయి. అంటే వోల్టుకు సుమారు 5 చుట్లు. సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. మధ్య ఇనుము అడ్డుకోత వైశాల్యాన్ని చదరపు సెంటీమీటర్లలో కొలిచి, 45ని దాంతో భాగించాలి. మాది 9, కాబట్టి 5. లెక్కల మాస్టారు ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ భాగహారం ఎందుకు పనికొస్తుందని ఒక్క పిల్లాడూ అడగలేదు. అడిగితే ఈ పాటికి చీరాల తీసుకొచ్చి చూపించేవాణ్ణి. కరెంటు వైపు 230 వోల్టులకు 1150 చుట్లు, అవతల 500 వోల్టులకు 2500, నష్టానికి పైన ఇంకో నూటపాతికదాకా.

చుట్టే యంత్రానికి కౌంటరు ఉంది. అంకెలు మూడే. 999 తర్వాత సున్నాకు వస్తుంది. వేలు ఎన్నయ్యాయో గుర్తుపెట్టుకోవడం నా డ్యూటీ. వేయి దాటగానే ఎడమ చేతి వేలొకటి మడిచాను. ఇంతలో టీ వచ్చింది. కుడిచేత్తో తీసుకున్నాను. ఇంతలో పాత విద్యార్థి వచ్చి నమస్కారం పెట్టాడు. ఒక చేతిలో టీ, ఇంకో చేతిలో వేయి చుట్లు. తల ఊపాను. ఈ మాస్టారికి పెన్షన్ వచ్చాక పొగరెక్కిందని ఊళ్లో చెప్పి ఉంటాడు. ఇక మేస్త్రి ఫోను ఉండనే ఉంది. చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, “ఎనిమిది వందల పన్నెండు... ఆ, సాయంత్రం రా, మోటారు అయిపోయింది... ఎనిమిది వందల పదమూడు...” అంటూ ఉంటే, అవతలి రైతు ఎనిమిది వందలే కదా బిల్లు అని సంతోషించినట్టున్నాడు. సాయంత్రం పెద్ద గొడవైంది.

36 గేజీ తీగ చెయ్యి కాస్త బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే పొరలు పొరలుగా జారిపోతుంది. ప్రతి పొరకూ మధ్య కాగితం వేయాలి. 1831లో ఫారడే ఇనుప కడియం మీద తీగ చుట్టి మొదటి ట్రాన్స్‌ఫార్మర్ చేసినప్పుడు ఎనామెల్ తీగ లేదు, చుట్లు అంటుకోకుండా నూలు గుడ్డా పురికొసా వేశాడు. గుడ్డ అంటే మా చీరాల గుర్తు రావాలి, ఆయనకు రాలేదు. మేస్త్రి మాత్రం మోటార్లకు వాడే లెదరాయిడ్ పేపరు ముక్క కోసి కరెంటు వైపు చుట్టుకూ అవతలి చుట్టుకూ మధ్య దట్టంగా పెట్టాడు. వార్నిష్ పోసి ఆరబెట్టాక రేకులు తిరిగి ఎక్కించాడు. ఊడదీసినవే, లెక్కపెట్టినవే, అయినా చివరికి ఒక రేకు పట్టదు. ఈ పని చేసినవాళ్లందరి ఇళ్లల్లోనూ అలాంటి రేకు ఒకటి ఉంటుందని ఆయనే చెప్పాడు. మాది ప్రస్తుతం కిటికీ తలుపు కింద ఆనిక.

కూలి మోటారు కంటే ఎక్కువ తీసుకున్నాడు. ఇందులో రాగి ఎంత, నాలుగు వక్కపలుకులంత కూడా లేదే అన్నాను. “మోటారు చుడితే తలనొప్పి రాదు మాస్టారూ” అన్నాడు. దీనికి జవాబు నా దగ్గర లేదు, డబ్బులే ఉన్నాయి.

కండెన్సర్లు చెన్నై రిచీ స్ట్రీటు నుంచి తెప్పించి వేశాక రేడియో పలికింది. పలికిన మాట నిజం, వినపడిందల్లా గరగర. అది ట్రాన్స్‌ఫార్మర్‌ది అని బావమరిది ఫోనులోనే తేల్చేశాడు. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులూ, సెల్‌ఫోను చార్జర్లూ, ఇన్వర్టరూ ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే గరగర తగ్గుతూ వచ్చి, చివరికి విజయవాడ స్పష్టంగా వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో రేడియో వినాలంటే చీకట్లో కూర్చోవాలి. మా ఆవిడ ‘కరెంటు పోయిందా, వార్తలా’ అని అడిగి మరీ వీధిలోంచి లోపలికి వస్తుంది. లోపలి సామానంతా తీసేసి బ్లూటూత్ పెడితే శుభ్రంగా పలుకుతుంది కదా బావా అని బావమరిది సలహా. అప్పుడది రేడియో బొమ్మ వేసుకున్న సెల్‌ఫోను అవుతుంది. అలాంటివి బజారులో ఉన్నాయి, దానికి మా నాన్న పెట్టె చంపక్కర్లేదు.

మీ అటక మీద కూడా ఇలాంటి పెట్టె ఉంటే దయచేసి నేరుగా ప్లగ్గులో పెట్టకండి. వెనక అట్ట విప్పి, ఫ్యూజు స్థానంలో ఏముందో చూడండి. వాల్వు రేడియో ఆపేశాక కూడా కండెన్సరులో మూడు వందల పైచిలుకు వోల్టులు నిలవ ఉండవచ్చు, ఊరికే వేలు పెట్టకండి. పని తెలిసినవాణ్ణి పక్కన పెట్టుకుని 60 వాట్ల బల్బు సీరీస్‌లో కలిపి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే చాలావరకు మంచిదే, నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేయండి. దీనికి ఎల్‌ఈడీ పనికిరాదు, తీగ బల్బే కావాలి. అవి దుకాణాల్లో అరుదైపోతున్నాయి, కనిపించినప్పుడే రెండు కొని దాచండి. పండక్కి వచ్చే బావమరుదులకు ఈ సంగతి ముందే ఫోను చేసి చెప్పండి.